పాఠకుల ప్రశ్నలు, అధ్యాపకుల జవాబులు: కణం పాఠం ఎక్కడ జారిపోతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అనాటమీ, ఫిజియాలజీ బోధించేవాళ్లవే. అందరి గోడూ ఇంచుమించు ఒకటే. మొదటి నెలలో కణాంగాల (కణంలోని చిన్న భాగాల) విధులు గడగడా అప్పజెప్పిన విద్యార్థి, మూత్రపిండం పాఠానికి వచ్చేసరికి సోడియం ఎటు పోతుందో చెప్పలేక తలగోక్కుంటున్నాడు. వాటిలో కొన్ని ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నర్సింగ్ మొదటి సంవత్సరానికి పాఠం చెబుతున్నాను. కణం అధ్యాయానికి ఆరు గంటలు కేటాయించారు. కణాంగాలు, వాటి విధులు, సమవిభజన దశలు చెప్పేసరికే సమయం అయిపోతోంది. దేన్ని తగ్గించమంటారు?

జవాబు: కణాంగాల జాబితాను తగ్గించండి. సమవిభజన దశలను ఇంకా తగ్గించండి. ఆరు గంటల్లో రెండున్నర గంటలు త్వచానికీ (కణం పైపొరకూ), దాని గుండా జరిగే రవాణాకూ ఇవ్వండి. ప్రొటీను తయారై తన చోటికి చేరే దారికి గంటన్నర, రిసెప్టార్లకూ (సంకేతాన్ని పట్టుకునే ప్రొటీన్లకూ) సంకేతాలకూ గంట. మిగిలిన గంటను పరిమాణాలు, సైటోస్కెలిటన్ (కణం లోపలి ప్రొటీను అస్థిపంజరం), కణవిభజన పంచుకుంటాయి.

ఈ లెక్క కొందరికి విడ్డూరంగా అనిపించవచ్చు. కానీ నాడి, గుండె, పేగు, మూత్రపిండం, ఏ పాఠం తీసినా మళ్లీ మళ్లీ ఎదురయ్యేవి రెండే: అయాన్ల గాఢతలో తేడా, ఆ అయాన్లకు త్వచంలో ఉన్న దారి. సమవిభజన దశలైన ప్రోఫేజ్, మెటాఫేజ్ అవసరం చాలా తరవాత, అదీ ఒకటి రెండు చోట్ల పడుతుంది. క్యాన్సర్ మందులతో జుట్టు ఎందుకు ఊడుతుంది, తెల్లరక్తకణాలు ఎందుకు తగ్గుతాయి, నోరు ఎందుకు పూస్తుంది అని చెప్పే రోజున విన్‌క్రిస్టిన్ అనే మందు మైక్రోట్యూబుల్స్‌ను (సైటోస్కెలిటన్‌లోని సన్నటి గొట్టాలను) కట్టుకోనివ్వకుండా విభజనను మెటాఫేజ్‌లో ఆపేస్తుందని చెబితే, ఆ దశ పేరు దానంతటదే గుర్తుంటుంది. మొదటి వారంలో బొమ్మలు గీయించి బట్టీ పట్టిస్తే ఉండదు.

ఇక కణాంగాలు. "మైటోకాండ్రియా అంటే శక్తి కేంద్రం" అని రాయించడం మానేసి, ఐదు కార్డులు చేసి ఇవ్వండి. పేర్లు ఉండకూడదు, లక్షణాలు మాత్రమే ఉండాలి. మొదటి కణం 7.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బిళ్ల, దానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు. రెండోదానిలో ఘనపరిమాణంలో దాదాపు మూడో వంతు మైటోకాండ్రియాయే. మూడోదాని అడుగుభాగం నిండా గరుకు ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (ప్రొటీన్లు తయారయ్యే పొరల వల), పైకొసన గుండ్రటి రేణువులు. నాలుగోదానిలో కొవ్వు బిందువులు, నున్నటి రెటిక్యులం విపరీతంగా ఉన్నాయి. ఐదోదానిలో గరుకు రెటిక్యులం నిండుగా ఉంది, కేంద్రకం ఒక పక్కకు జరిగి ఉంది, నిల్వ రేణువులు మాత్రం లేవు.

నలుగురేసి విద్యార్థులు కూర్చుని, ఒక్కో కణం ఏం పని చేస్తుందో ఊహించి కారణం రాయాలి. పదిహేను నిమిషాలు చాలు. వరసగా అవి ఎర్రరక్తకణం, గుండె కండర కణం, క్లోమంలో ఎంజైములు స్రవించే కణం, అడ్రినల్ కార్టెక్స్ కణం, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణం. అసలు చర్చ మూడు, ఐదు కార్డుల దగ్గర రాజుకుంటుంది. రెండూ ప్రొటీనును బయటికి పంపేవే, మరి ఒకదానిలో రేణువులున్నాయి, ఇంకోదానిలో లేవెందుకు? క్లోమ కణం ఎంజైములను నిల్వ చేసి, సంకేతం వచ్చినప్పుడు ఒక్కసారిగా వదులుతుంది. ప్లాస్మా కణం తయారైంది తయారైనట్టే పంపేస్తుంది. ఈ తేడా తెలిసిన విద్యార్థికి ఇన్సులిన్ స్రావం పాఠం సగం వచ్చేసినట్టే.

మొదటి కార్డు దగ్గర ఒక అపోహ బయటపడుతుంది: మైటోకాండ్రియా లేకపోతే ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువు) ఉండదనుకుంటారు. ఎర్రకణం గ్లైకాలిసిస్‌తోనే (ఆక్సిజన్ అక్కర్లేకుండా గ్లూకోజును విరగ్గొట్టే చర్యతోనే) 120 రోజులు నెట్టుకొస్తుందని అక్కడికక్కడే చెప్పేయండి.

ప్రశ్న: ఏటీపీ లెక్క ఒక పుస్తకంలో 38, ఇంకో పుస్తకంలో 36, మరోదానిలో 30 అని ఉంది. ఏది రాయించాలి?

జవాబు: ఒక గ్లూకోజు అణువుకు 30 నుంచి 32. పాత లెక్క ఎలక్ట్రాన్లు మోసుకొచ్చే అణువుల్లో ఒక్కో ఎన్ఏడీహెచ్‌కు 3, ఒక్కో ఎఫ్ఏడీహెచ్2కు 2 అని పూర్ణాంకాలు వేసుకుంది. నిజానికి అవి సుమారు 2.5, 1.5 మాత్రమే. ప్రోటాన్ల వాలులో (త్వచానికి రెండు వైపులా వాటి గాఢతలో ఉన్న తేడాలో) కొంత భాగం ఫాస్ఫేటును లోపలికి తేవడానికి, ఏటీపీని బయటికి పంపడానికి ఖర్చయిపోతుంది. పరీక్షలో ఈ అంకెను అడగకపోవడమే మంచిది. ఆక్సిజన్ లేకపోతే అది రెండుకు పడిపోతుందన్నది మాత్రం తప్పక అడగండి.

ప్రశ్న: హైపోటానిక్ (నీరు కణంలోకి పోయే ద్రావణం), హైపర్‌టానిక్ (నీరు కణంలోంచి బయటికి పోయే ద్రావణం) ఎన్నిసార్లు చెప్పినా తారుమారు చేస్తున్నారు. ల్యాబ్‌లో సెల్లోఫేన్ సంచితో ప్రయోగం చేయిస్తున్నాం. అయినా లాభం లేదు.

జవాబు: చిక్కు సగం మాటలో ఉంది, సగం సంచిలో ఉంది.

మాట సంగతి ముందు చూద్దాం. "హైపోటానిక్" అనేది ద్రావణం పేరు కాదు, పోలిక. కాబట్టి ఆ పదం విద్యార్థి నోట్లోంచి వచ్చిన ప్రతిసారీ "దేనితో పోలిస్తే?" అని అడగండి. "కణం లోపలి ద్రవంతో పోలిస్తే బయటి ద్రావణం హైపోటానిక్" అని పూర్తి వాక్యం చెప్పేదాకా ముందుకు పోవద్దు. రెండు వారాలు విసుగు పుడుతుంది, ఆ తరవాత తారుమారు చాలామట్టుకు తగ్గుతుంది.

ఇక సంచి. డయాలిసిస్ ట్యూబు అణువులను సైజును బట్టి మాత్రమే వడపోస్తుంది. స్టార్చ్ లోపలే ఉండిపోతుంది, గ్లూకోజు, అయోడిన్ దాటిపోతాయి. ఆ ప్రయోగం చూసిన విద్యార్థి కణత్వచాన్ని జల్లెడ అనుకుంటాడు. అసలు త్వచంలో గ్లూకోజు ట్రాన్స్‌పోర్టర్ లేకుండా కదలదు. దానికన్నా ఎంతో చిన్నదైన సోడియం అయాను కూడా ఛానలో, ట్రాన్స్‌పోర్టరో లేకుండా దాటదు. కొవ్వులో కరిగే స్టిరాయిడ్ గ్లూకోజుకన్నా పెద్దదైనా దర్జాగా దూరిపోతుంది. జల్లెడ భావన ఒకసారి తలకెక్కితే మూత్రపిండం పాఠందాకా వెంటాడుతుంది.

దాని బదులు ఎర్రకణాలతో చేయించండి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 9 గ్రాముల సోడియం క్లోరైడ్ కలిపితే 0.9 శాతం ద్రావణం. ఆరు టెస్ట్‌ట్యూబుల్లో ఈ ద్రావణం వరసగా 5, 4, 3, 2.5, 2, 1 మి.లీ. పోసి, ప్రతిదాన్నీ నీటితో 5 మి.లీ.కి నింపండి. వరసగా 0.9, 0.72, 0.54, 0.45, 0.36, 0.18 శాతాలు వస్తాయి. ఏడో ట్యూబులో 1.8 శాతం యూరియా ద్రావణం పోయాలి, అంటే 100 మి.లీ.కి 1.8 గ్రాములు. ఎనిమిదోదానిలో 0.9 శాతం ఉప్పు ద్రావణంలోనే 1.8 శాతం యూరియా కలపాలి. గడ్డకట్టకుండా మందు కలిపిన, పరీక్షించిన రక్తాన్ని ఒక్కో చుక్క వేసి, ట్యూబును రెండుసార్లు నెమ్మదిగా తలకిందులు చేసి, పదిహేను నిమిషాలు ఆగాలి. చేతికి గ్లవుజులు తప్పనిసరి.

చదివే పద్ధతి ఇది. ట్యూబు వెనక అచ్చు కాగితం పట్టుకోండి. అక్షరాలు కనబడకపోతే కణాలు చెక్కుచెదరలేదు. ఎర్రటి గాజులోంచి చూసినట్టు స్పష్టంగా కనబడితే పగిలిపోయాయి. విద్యార్థులు రంగును చూసి మోసపోతారు. రంగు రెండింటిలోనూ ఎరుపే, చూడాల్సింది మసకనా, పారదర్శకమా అన్నది. ఆరోగ్యంగా ఉన్న కణాలు సాధారణంగా 0.5, 0.45 దగ్గర పగలడం మొదలుపెట్టి, 0.35, 0.3 దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా పగులుతాయి. 0.54 ట్యూబులో కణాలు ఉబ్బి ఉంటాయి కానీ పగలవు. "హైపోటానిక్ అంటే పగలడం" అన్న సమీకరణం అక్కడితో పోతుంది.

అసలు పాఠం ఏడో ట్యూబులో ఉంది. 1.8 శాతం యూరియా అంటే లీటరుకు 300 మిల్లీఆస్మోల్స్, అంటే ఇంచుమించు ప్లాస్మాతో సమానం. లెక్క ప్రకారం కణాలకు ఏమీ కాకూడదు. కానీ చూస్తూండగానే ట్యూబు తేటపడిపోతుంది. ఎర్రకణ త్వచంలో యూరియాకు ప్రత్యేకమైన దారి ఉంది. యూరియా లోపలికి పోతుంది, దాని వెంట నీరు పోతుంది, కణం పగులుతుంది. ఎనిమిదో ట్యూబు మసకగానే ఉంటుంది కాబట్టి, "యూరియా విషం, అందుకే పగిలింది" అనే వాదన నిలబడదు. బయట దాటలేని ఉప్పు సరిపడా ఉంటే యూరియా ఎంత ఉన్నా కణం నిలుస్తుంది. ఆస్మోలారిటీ అంటే ద్రావణంలో ఉన్న మొత్తం కణికల లెక్క, టానిసిటీ అంటే అందులో త్వచం దాటలేనివాటి ప్రభావం. ఈ రెండింటి తేడాను మాటలతో అరగంట చెప్పినా రాదు, ఈ రెండు ట్యూబులు పక్కపక్కన పెడితే వస్తుంది.

అదే ఊపులో 5 శాతం డెక్స్‌ట్రోజ్ సంగతీ చెప్పేయండి. సీసాలో ఉన్నప్పుడు అది దాదాపు ఐసోటానిక్, అంటే కణం లోపలి ద్రవంతో సమానం. ఒంట్లోకి ఎక్కాక గ్లూకోజు కణాల్లోకి పోయి ఖర్చయిపోతుంది, మిగిలేది ఉత్త నీరు. మెదడు వాపు ఉన్న రోగికి అదెందుకు ఎక్కించరో విద్యార్థులే చెబుతారు.

ప్రయోగం చెడిపోయే చోట్లు మూడు. ట్యూబును గట్టిగా కుదిపితే కణాలు దెబ్బకే పగులుతాయి. రెండు మూడు చుక్కల రక్తం వేస్తే ప్లాస్మాలోని ఉప్పు ద్రావణం గాఢతను మార్చేస్తుంది. పాత రక్తంలో కొన్ని కణాలు ముందే పగిలి ఉంటాయి కాబట్టి 0.9 ట్యూబును ఎప్పుడూ పోలిక కోసం పక్కన ఉంచుకోవాలి.

ప్రశ్న: బుగ్గ కణాల స్లైడులో కేంద్రకం తప్ప ఏమీ కనబడక పిల్లలు నిరాశపడుతున్నారు. కొందరు పుస్తకం చూసి మైటోకాండ్రియా కూడా గీసేస్తున్నారు.

జవాబు: చూడనిది గీస్తే మార్కులు పోతాయని ముందే చెప్పండి. మామూలు సూక్ష్మదర్శిని 0.2 మైక్రాన్లకన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. రైబోజోమ్ 0.03 మైక్రాన్లకు మించదు. త్వచం మందం 0.0075 మైక్రాన్లు. కనబడకపోవడం విద్యార్థి తప్పు కాదు, కాంతి పరిమితి. ఈ ముక్క చెప్పకుండా స్లైడు చూపిస్తే పిల్లలు తమ కళ్లనే అనుమానిస్తారు.

స్లైడు మీద చుక్క 0.9 శాతం ఉప్పు ద్రావణం వేసి, బుగ్గ లోపల దూదిపుల్లతో మెల్లగా రాసి అందులో కలపాలి. 0.1 నుంచి 0.5 శాతం మిథిలీన్ బ్లూ ఒక చుక్క వేసి నిమిషం ఆగి, కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి ఏటవాలుగా దించాలి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి, నల్లటి మందపాటి అంచున్న ఆ బుడగలనే సగం తరగతి కణాలని గీస్తుంది. ముందు 10 ఆబ్జెక్టివ్‌తో వెతికి, తరవాత 40కి మార్చి, ఐరిస్‌ను (వెలుతురును తగ్గించే తెరను) సగానికి పైగా మూయాలి. వెలుతురు ఎక్కువైతే కణం అంచు మాయమైపోతుంది. ఎవరి నమూనా వాళ్లే ముట్టుకోవాలి, పుల్లలు, స్లైడులు అన్నీ నేరుగా క్రిమిసంహారక ద్రావణంలోకే పోవాలి.

కణాల మీద నీలిరంగు చుక్కలు, చిన్న కడ్డీలు కనబడతాయి. వాటిని మైటోకాండ్రియా అని సంబరపడతారు. అవి నోట్లోని బ్యాక్టీరియా. దాన్ని తప్పని కొట్టిపారేయకుండా వాడుకోండి: మైటోకాండ్రియా సైజు కూడా ఇంచుమించు అంతే కదా, మరి ఆ రంగులో అవెందుకు కనబడలేదు?

ఆ తరవాత కొలిపించండి. ఐపీస్ మీద 18 అని ఉంటే, 40 ఆబ్జెక్టివ్ కింద కనబడే వలయం వ్యాసం 18ని 40తో భాగిస్తే వచ్చినంత, అంటే 0.45 మిల్లీమీటర్లు, లేదా 450 మైక్రాన్లు. వలయంలో అడ్డంగా ఎనిమిది కణాలు పట్టేలా ఉంటే ఒక్కోటి సుమారు 56 మైక్రాన్లు.

అక్కడి నుంచి లక్ష రెట్ల బొమ్మకు వెళ్లవచ్చు. ఒక మైక్రాన్‌ను 10 సెంటీమీటర్లు అనుకోండి. ఎర్రకణం 75 సెంటీమీటర్ల బిళ్ల. త్వచం మందం ఏటీఎం కార్డంత. రైబోజోమ్ 3 మిల్లీమీటర్ల పూస. కండరంలోని సార్కోమియర్ (సంకోచించే చిన్న భాగం) 22 సెంటీమీటర్లు. నడుము దగ్గర వెన్నుపాములో మొదలై పాదందాకా పోయే ఒక మీటరు ఆక్సాన్ (నాడీకణపు పొడవాటి తోక) ఈ లెక్కన 100 కిలోమీటర్లు. కణదేహంలో తయారైన ప్రొటీను ఆ చివరికి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్న వేశాక సైటోస్కెలిటన్ పాఠం చెబితే వినే తీరే వేరు. మైక్రోట్యూబుల్స్ మీద కైనెసిన్ అనే మోటారు ప్రొటీను ఒక్కో ఏటీపీకి 8 నానోమీటర్ల అడుగు వేస్తుంది. వేగవంతమైన రవాణాలో రోజుకు 400 మిల్లీమీటర్లదాకా సాగుతుంది, అంటే మీటరుకు రెండున్నర రోజులు.

ప్రశ్న: విశ్రాంతిలో ఉన్న కణం లోపల కనబడే మైనస్ 70 మిల్లీవోల్టులను త్వచంలోని సోడియం-పొటాషియం పంపే పుట్టిస్తుందని విద్యార్థులు రాస్తున్నారు. మా దగ్గర వాడే నోట్సులో కూడా అలాగే ఉంది.

జవాబు: పంపును ముందు చెప్పడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి, కాబట్టి లోపల రుణావేశం అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ మూడుకు రెండు తేడా నేరుగా ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. పంపును చివరికి నెట్టి, బోర్డు మీద ఈ వరసలో గీయండి.

రెండు గదులు, మధ్యలో త్వచం. లోపలి గదిలో పొటాషియం 140, బయట 4 మిల్లీమోల్స్. రెండు వైపులా సరిపడా రుణ అయాన్లు. త్వచంలో దారి లేదు. వోల్టేజి ఎంత? సున్నా. తొంభై శాతం తరగతి ఇక్కడే తడబడుతుంది, గాఢతలో తేడా ఉంటే వోల్టేజి ఉండి తీరాలనుకుంటుంది. తడబడనివ్వండి.

రెండో బొమ్మలో పొటాషియానికి మాత్రమే దారి తెరవండి. పొటాషియం బయటికి జారుతుంది, జోడీ రుణ అయాను వెంట రాలేదు, లోపల రుణావేశం పెరుగుతుంది. అదే పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. రెండు లాగుళ్లూ సమమయ్యే చోటు 37 డిగ్రీల దగ్గర 61.5 × లాగ్ (4/140), అంటే సుమారు మైనస్ 95 మిల్లీవోల్టులు.

మూడో బొమ్మలో బయట 142, లోపల 14 ఉన్న సోడియానికి సన్నటి దారి ఇవ్వండి. సోడియం తన కోసం ప్లస్ 62 వైపు లాగుతుంది. పొటాషియం పారగమ్యత (త్వచాన్ని దాటగల తేలిక) 1 అయితే సోడియానిది 0.04 అనుకుని, రెండింటినీ కలిపి వోల్టేజి లెక్కించే గోల్డ్‌మన్ సమీకరణంలో వేస్తే మైనస్ 71 వస్తుంది.

ఇప్పుడు అడగండి: ఇలా కారుతూ పోతే గాఢతల తేడా ఎన్నాళ్లుంటుంది? అక్కడ పంపు రంగప్రవేశం చేస్తుంది. వోల్టేజిని ఇచ్చేది కారడం, ఆ కారడం ఆగిపోకుండా చూసేది పంపు. స్క్విడ్ అనే సముద్రజీవి జెయింట్ ఆక్సాన్‌లో పంపును ఆపేసినా వేల ఇంపల్సులు నడుస్తాయి. నిల్వ కరిగిపోయేదాకా ఢోకా లేదు.

వెంట వచ్చే ఇంకో అపోహ: "అంత పొటాషియం బయటికి పోతే లోపల 140 తగ్గిపోదా?" 20 మైక్రాన్ల వ్యాసమున్న గుండ్రటి కణంలో 100 మిల్లీవోల్టుల మార్పుకు దాటాల్సిన పొటాషియం, లోపలున్న ప్రతి లక్ష అయాన్లలో రెండు. త్వచం కెపాసిటెన్స్ చదరపు సెంటీమీటరుకు ఒక మైక్రోఫారడ్ అని పెట్టుకుని చురుకైన విద్యార్థుల చేత లెక్క కట్టించవచ్చు.

ఆపైన ఒక రోగిని తెచ్చిపెట్టండి. రక్తంలో పొటాషియం 4 నుంచి 8కి పెరిగింది. పొటాషియం సమతుల్య వోల్టేజి మైనస్ 95 నుంచి మైనస్ 76కు వస్తుంది. కణం ఉద్దీపన అంచుకు దగ్గరవుతుంది కాబట్టి గుండె మరింత చురుగ్గా కొట్టుకుంటుందని చాలామంది రాస్తారు. ఆ స్థితి అలాగే కొనసాగితే సోడియం ఛానళ్లు మూతపడి తిరిగి సిద్ధం కాలేవు. వాహకత మందగిస్తుంది, చివరికి గుండె ఆగిపోవచ్చు. ఇంతదాకా విద్యార్థుల చేత చెప్పించగలిగితే గుండె పాఠంలో ఈసీజీ మార్పులకు పెద్దగా సమయం పట్టదు.

ప్రశ్న: కణాన్ని నగరంతోనో ఫ్యాక్టరీతోనో పోల్చవచ్చా?

జవాబు: ఒక్క తరగతికి వాడండి, అదే తరగతిలో దాన్ని పగలగొట్టండి కూడా. ఫ్యాక్టరీలో బండి చిరునామా తెలిసి కదులుతుంది. కణంలో చాలా అణువులు ఎటుపడితే అటు గుద్దుకుంటూ తిరిగి, తగిన చోట అతుక్కుపోతాయి. ప్రొటీనులో ఉన్న వరస దాని చిరునామా, అది చదివే రిసెప్టార్ ఉంటేనే అది పనిచేస్తుంది. పోలిక ఎక్కడ కుదరదో విద్యార్థుల చేతనే మూడు అంశాలు రాయించండి. రాయలేకపోతే ఆ పోలిక వాళ్లను ఇంకా పట్టుకునే ఉందని అర్థం.

ప్రశ్న: గాల్జీ (ప్రొటీన్లు దాటిపోయే కణాంగం) అంటే "ప్యాకింగ్ చేస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. ఇంకా లోతుగా ఎలా చెప్పాలి?

జవాబు: ఆ దారిని ఎలా కనుక్కున్నారో వాళ్ల ముందు పెట్టండి. జార్జ్ పలాడే బృందం గినీపిగ్ క్లోమం ముక్కలకు రేడియోధార్మిక ల్యూసిన్‌ను మూడు నిమిషాలు మాత్రమే ఇచ్చి, తరవాత మామూలు ల్యూసిన్‌కు మార్చింది. మూడో నిమిషాన గుర్తు గరుకు రెటిక్యులం మీద ఉంది. ఇరవై నిమిషాలకు గాల్జీ ప్రాంతానికి చేరింది. రెండు గంటలకు కణం పైకొసన ఉన్న స్రావ రేణువుల్లో కనబడింది. పలాడేకు 1974లో ఆల్బర్ట్ క్లాడ్, క్రిస్టియన్ డి డ్యూవ్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. సమయాలు చెరిపేసి మూడు బొమ్మలనూ కలగలిపి ఇచ్చి, వరస పెట్టమనండి. ల్యూసిన్ మూడు నిమిషాలే ఇవ్వకుండా రెండు గంటలూ ఇస్తూ పోతే ఏం కనబడేదో కూడా అడగండి. అన్నిచోట్లా గుర్తులు కనబడి, దారి తెలిసేది కాదు.

తరవాత నాలుగు ప్రొటీన్ల పేర్లిచ్చి వాటి ప్రయాణం గీయించండి: హీమోగ్లోబిన్, ఇన్సులిన్, సీఎఫ్‌టీఆర్ క్లోరైడ్ ఛానల్, లైసోజోమ్‌లోని హెక్సోసమినిడేజ్ ఏ. హీమోగ్లోబిన్‌ను కూడా గాల్జీ గుండా పంపేవాళ్లు కొల్లలుగా ఉంటారు. అది స్వేచ్ఛా రైబోజోమ్‌ల మీద తయారై కణద్రవంలోనే ఉండిపోతుంది. సీఎఫ్‌టీఆర్‌లో 508వ స్థానంలోని ఫినైల్‌అలనిన్ పోతే ప్రొటీను తయారవుతుంది కానీ సరిగా మడత పడదు. రెటిక్యులం దాన్ని వదలదు, చెడిన ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రోటియోజోమ్ దాన్ని చిదిమేస్తుంది. శ్లేష్మం చిక్కబడి ఊపిరితిత్తులు పూడుకుపోయే సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు చాలామంది రోగుల్లో మూలం ఇదే.

ప్రశ్న: కణం పాఠాన్ని తరవాతి అధ్యాయాల్లోకి ఎలా తీసుకెళ్లాలి? ఉదాహరణ ఒకటి చెప్పండి.

జవాబు: ఓఆర్ఎస్ తీసుకోండి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ద్రావణంలో లీటరుకు సోడియం 75, గ్లూకోజు 75, క్లోరైడ్ 65, పొటాషియం 20, సిట్రేట్ 10 మిల్లీమోల్స్ ఉంటాయి. మొత్తం 245 మిల్లీఆస్మోల్స్. విరేచనాలకు ఇచ్చే ద్రావణంలో గ్లూకోజు ఎందుకు? "శక్తి కోసం" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో అంటుంది.

పేగు కణం గీసి మూడు తలుపులు పెట్టండి. పేగు కుహరం వైపు ఎస్‌జీఎల్‌టీ1 అనే ట్రాన్స్‌పోర్టర్, రెండు సోడియాలనూ ఒక గ్లూకోజునూ కలిపే లోపలికి తెస్తుంది. రక్తం వైపు గ్లూట్2 అనే ట్రాన్స్‌పోర్టర్ గ్లూకోజును దాటిస్తుంది. అదే వైపున్న సోడియం-పొటాషియం పంపు సోడియాన్ని తోసేసి లోపల దాని గాఢతను తక్కువగా ఉంచుతుంది. ద్రావితాల వెంట నీరు వెళుతుంది. కలరా విషం కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి సీఎఫ్‌టీఆర్‌ను తెరిచిపెట్టేస్తుంది. క్లోరైడ్, దాని వెంట సోడియం, నీరు పేగులోకి పారతాయి. కానీ ఎస్‌జీఎల్‌టీ1 జోలికి అది పోదు. అందుకే గ్లూకోజు తోడుంటే సోడియం ఇంకా లోపలికి వస్తుంది.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. గ్లూకోజును ఐదింతలు పెంచితే? ద్రావణం హైపర్‌టానిక్ అయి నీటిని పేగులోకే లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. రక్తం వైపు పంపును ఆపేస్తే? పంపు గ్లూకోజును ముట్టుకోకపోయినా, సోడియం వాలు కరిగేకొద్దీ గ్లూకోజు రావడం ఆగిపోతుంది.

మూత్రపిండానికి వెళ్లినప్పుడు ఇదే బొమ్మను తిరిగి గీయండి, ఎస్‌జీఎల్‌టీ1 స్థానంలో ప్రధానంగా ఎస్‌జీఎల్‌టీ2 ఉంటుంది. దాన్ని అడ్డుకునే మధుమేహం మందులతో మూత్రంలో చక్కెర ఎందుకు పోతుందో చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది. కండరం పాఠంలో సార్కోప్లాస్మిక్ రెటిక్యులం వచ్చినప్పుడు, అది కార్డులో చూసిన నున్నటి రెటిక్యులమేనని గుర్తు చేయండి. గుండె పాఠంలో డిజాక్సిన్ అనే మందు అదే సోడియం-పొటాషియం పంపును ఆపుతుంది. లోపల సోడియం పెరిగి, కాల్షియం బయటికి పోవడం తగ్గి, సంకోచం బలపడుతుంది.

ప్రశ్న: పరీక్షలో "విధులు రాయండి" బదులు ఏం అడగాలి? దిద్దేది ఎలా?

జవాబు: ఒకదాన్ని మార్చి, ఏం జరుగుతుందో అడగండి. "మైటోకాండ్రియా విధులు" బదులు "సైనైడ్ సైటోక్రోమ్ సీ ఆక్సిడేజ్‌ను ఆపేసింది. నాడీకణం, ఎర్రకణం: ఏది ముందు దెబ్బతింటుంది? ఎందుకు?" ఐదు మార్కుల్లో దిశకు ఒకటి, యంత్రాంగానికి రెండు, ఆ కణానికి కలిగే ఫలితానికి రెండు. ఎర్రకణానికి నేరుగా ఏమీ కాదని రాసి, కారణంగా మైటోకాండ్రియా లేవని రాస్తే యంత్రాంగం మార్కులు పూర్తిగా ఇవ్వండి.

"కణానికి అవసరం కాబట్టి సోడియం బయటికి పోతుంది", "నీరు సమానం కావాలనుకుంటుంది" లాంటి వాక్యాలకు యంత్రాంగం మార్కు సున్నా. కఠినంగా అనిపించవచ్చు కానీ, అవసరం అన్నది అయానును కదిలించే బలం కాదు. అలాంటి వాక్యం కింద ఎర్రసిరాతో "ఏ వాలు? ఏ దారి?" అని రెండు ముక్కలు రాసి, పేపరు వెనక్కిచ్చి, అదే వాక్యాన్ని సరిదిద్ది తెస్తే అర మార్కు కలపండి. మూడో పరీక్షకల్లా ఆ ఎర్రసిరా ఖర్చు సగానికి తగ్గాలి. తగ్గలేదంటే తిరగదోడాల్సింది రెండు గదుల బొమ్మను, అదీ వోల్టేజి సున్నా దగ్గర నుంచి.